ఊదారంగు తగ్గేదాకా

తొట్టె నీళ్ళు పట్టిన గాజు గొట్టంలో పరీక్ష మందు చుక్కలు వేసి, మూత బిగించి, రెండు చేతుల మధ్య ఊపుతూ ఫినాయిలమ్మ కిటికీ దగ్గరికి వెళ్ళింది. గొట్టంలో నీళ్ళు కాసేపు ఏ రంగూ లేకుండా ఉండి, తర్వాత మెల్లగా ఊదారంగుకు తిరిగాయి. మొన్నటి కంటే పిసరంత తగ్గిందేమోనని గొట్టాన్ని తెల్లగోడకు ఆనించి చూసింది, ఏప్రన్ మీద పెట్టి చూసింది. చూసేవాళ్ళ ఆశను బట్టి రంగులు మారవు కదా. లేత నీలం రావాలి, రాలేదు.

వెనక మంచం మీద కండక్టరుగారు నిద్రలో ఉన్నారు. నోరు కొద్దిగా తెరుచుకుని ఉంది. ఊపిరికీ ఊపిరికీ మధ్య ఎడం నిన్నటి కంటే పెరిగింది. గొట్టంలో ఊదారంగు ముందు పోతుందా, మంచం మీద ఊపిరి ముందు పోతుందా అన్న ఆలోచన పొద్దున్నే ఆమెకు వచ్చింది. గొట్టాన్ని స్టాండులో నిలబెట్టి, బకెట్టు అందుకుని నేల తుడవడం మొదలుపెట్టింది.

ఆ సేవాసదనానికి వచ్చినవాళ్ళు నయమై వెళ్ళరు. మందులు ఇక పనిచేయవని తేలాక, నొప్పి తెలియకుండా గడపడానికి వస్తారు. వాళ్ళ మంచాలు కడగడం, ఒళ్ళు తుడవడం, నేల తుడవడం ఆమె పని. ఆమెకూ ఒక పేరుంది గానీ దాన్ని అందరూ మరిచిపోయి చాలా కాలమైంది. శుభ్రం ఆమెకు ఉద్యోగం కాదు, రోగం అంటుంది ఆడపడుచు. అనడానికి ఆవిడకు హక్కుంది, ఇద్దరూ ఒకే ఇంట్లో ఉంటారు. కాపురానికి వచ్చిన కొత్తలో ఫినాయిలమ్మ అత్తగారి గిన్నెలను ఎంతలా తోమిందంటే, సాయంత్రం అత్తగారు వంటింట్లోకి వచ్చి "ఇవెవరివే, మన గిన్నెలేవీ?" అని వెతుక్కుంది.

భర్త లారీ మెకానిక్కు. చేతుల నిండా గ్రీజు. గుమ్మం బయటే సబ్బూ బకెట్టూ పెట్టి, కడుక్కుంటే గానీ లోపలికి రానిచ్చేది కాదు. అయినా స్విచ్చి పక్కన గోడ మీద ఆయన బొటనవేలి మరక రోజూ పడేది, రోజూ ఆమె తిట్టుకుంటూ తుడిచేది. ఆయన పోయిన మర్నాడు, పలకరించడానికి మనుషులొస్తారని ఆ గోడ కూడా రుద్దేసింది. తర్వాత చాలాసార్లు అక్కడ నిలబడి, ఏ మూలనైనా కాస్త నలుపు మిగిలిందేమోనని వెతికింది. తన పని శుభ్రంగా చేసే మనిషి, ఏమీ మిగల్చలేదు.

అలాంటి మనిషి చేతిలో చేపల తొట్టె పడింది. కండక్టరుగారి కోరిక అది. ఉద్యోగమంతా బస్సు కిటికీల్లోంచి కదిలే లోకాన్ని చూసినవారికి, ఈ గదిలో కదలని గోడ ఎదురైంది. "కదిలేదేదైనా నా ముందు పెట్టండమ్మా, ఈ గోడతో వేగలేను" అన్నారు. బట్టల కొట్టులో పనిచేసే కూతురు తొట్టె కొనుక్కొచ్చింది. కుళాయి నీళ్ళు నింపి ఆ పూటే చేపల్ని వదిలారు. అవి మొదట పైకొచ్చి నోళ్ళు తెరిచాయి, తర్వాత ఒక్కొక్కటీ పక్కకి ఒరిగి తేలాయి. కండక్టరుగారు అన్నీ చూశారు. చూసి, అన్నం ముట్టడం మానేశారు.

"నేనే పిలిచి బండెక్కించి చంపినట్టుంది. మళ్ళీ నా ముందు చచ్చేవాటిని తేవద్దు ఫినాయిలమ్మా. బతికేవి కావాలి. ఎన్నాళ్ళైనా ఆగుతాను. నాకు మాటివ్వు" అన్నారు. ఆమె తడిచేత్తోనే ఆయన చెయ్యి పట్టుకుని మాటిచ్చింది.

చేపల కొట్టాయన వచ్చి సంగతి చెప్పాడు. "నీళ్ళు మరీ కొత్తవమ్మా. చేపల మలం, మిగిలిన మేత కుళ్ళి విషమవుతుంది. ఆ విషాన్ని తినే జీవాలు, కంటికి కనపడవులెండి, నీళ్ళు వడకట్టే ఈ స్పాంజిలో పుట్టాలి. అవి దాన్ని తిని ఇంకో విషం చేస్తాయి. దాన్ని తినడానికి ఇంకో జాతి రావాలి. రెండు జాతులూ ఇందులో కాపురం పెట్టేదాకా చేపలు వద్దు. రోజూ చిటికెడు మేత వేసి కుళ్ళనివ్వండి."

"కుళ్ళనివ్వాలా?" అని ఆమె మొహం చిట్లిస్తే, కండక్టరుగారు నవ్వి నవ్వి దగ్గు తెచ్చుకున్నారు.

మొదటి విషానికి ఒక గొట్టం, అది ఆకుపచ్చ నుంచి పసుపుకు రావాలి. రెండో విషానికి ఇంకొకటి, అది ఊదా నుంచి నీలానికి రావాలి. కొన్ని వారాలకు పసుపు వచ్చింది. ఊదా కూడా పలచబడుతోంది. సరిగ్గా అప్పుడే ఒక పొద్దున్న, ఇల్లంతా తుడుస్తూ తుడుస్తూ ఈ గదికి వచ్చిన ఫినాయిలమ్మ, గోధుమరంగు జిగురు పట్టిన స్పాంజిని తొట్టెలోంచి తీసింది. ఆలోచించింది లేదు, పాడూ లేదు. చెయ్యి దానంతటది వెళ్ళింది. కుళాయి కింద పెట్టి, బ్లీచింగు పొడి వేసి, పిండి పిండి కడిగిన ముత్యంలా తెచ్చి మళ్ళీ తొట్టెలో పెట్టింది. తల తిప్పితే కండక్టరుగారు మంచం మీద నుంచి చూస్తున్నారు.

"ఫినాయిలమ్మా, బండిలో జనాన్నంతా దింపేశావే" అన్నారు.

అప్పుడు తెలిసింది ఏం చేసిందో.  ఏడుస్తూ నిలబడితే ఆయనే, "సిస్టరమ్మకి చెప్పకు. నీళ్ళు మొండివని చెబుదాం" అన్నారు. తొట్టె ఖాళీ చేసి, బకెట్లలో నిలవబెట్టిన నీళ్ళు పోసి, మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టింది. ఆ కొత్త నీళ్ళకు పసుపైతే వచ్చింది. ఊదా మాత్రం ఇంకా పోలేదు. ఈలోగా ఆయన మాట తగ్గింది, తిండి తగ్గింది, మెలకువ తగ్గింది.

ఆమె నేల తుడవడం పూర్తిచేసేలోపే వాకిట్లో చెప్పుల చప్పుడైంది. కండక్టరుగారి కూతురు వచ్చింది, చేతిలో గాలి నింపిన ప్లాస్టిక్ సంచి. సంచిలో ఎర్రటి చేపలు గిరగిరా తిరుగుతున్నాయి. వెనకే అక్కడి నర్సు సిస్టరమ్మ కూడా వచ్చింది. ఫినాయిలమ్మ చూపు స్టాండులోని ఊదా గొట్టం మీదికి పోయింది.

"అమ్మా, ఇవాళ వెయ్యొద్దు. నీళ్ళింకా తయారవలేదు."

"నిన్న డాక్టరుగారు రేపో మాపో అన్నారు. మీ నీళ్ళకి టైముందేమో, మా నాన్నకి లేదు" అంది కూతురు. రాత్రంతా నిద్ర లేనట్టు ఆమె కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"పోనిద్దూ ఫినాయిలమ్మా, ఎందుకంత పట్టుదల? ఒక్క పూట కళ్ళారా చూస్తారు. తర్వాతి సంగతి తర్వాత" అంది సిస్టరమ్మ.

"పోయినసారీ అలాగే అనుకున్నాం కదమ్మా. అవి తేలుతుంటే ఆయన చూశారు. మళ్ళీ తన ముందు చచ్చేవాటిని తేవద్దని నా చేత మాట తీసుకున్నారు."

"నాన్న ఇప్పుడు ఏమీ అనే స్థితిలో లేరు!"

"అందుకే నేనంటున్నానమ్మా."

ఆ మాట అన్నాక ఆమెకే భయం వేసింది. కూతురు బల్లమీది కత్తెర తీసుకుని తొట్టె దగ్గరికి నడిచింది. ఫినాయిలమ్మ అడ్డం వెళ్ళి సంచి మూతి పట్టుకుంది.  ఇద్దరి మధ్యా సంచి కదిలి, చేపలన్నీ ఒక మూలకు చేరాయి. ముందు నుయ్యి, వెనక గొయ్యి. విప్పితే మాట పోతుంది, విప్పకపోతే ఈ మనిషి చూడకుండానే పోతాడు. తను ఆ స్పాంజి కడగకుండా ఉంటే ఇవాళ గొట్టం నీలంగా ఉండేది, ఈ పెనుగులాటే ఉండేది కాదు. ఆ సంగతి మాత్రం పైకి అనలేదు.

అప్పుడు గుర్తొచ్చింది, కొట్టాయన చెప్పిన ఇంకో మాట.

"సంచి విప్పొద్దమ్మా, సంచితోనే నీళ్ళ మీద వదులుదాం. చేపల్ని వేసే ముందు ఎలాగూ అలా తేలనివ్వాలట, లోపలి నీళ్ళ చలీ బయటి నీళ్ళ చలీ ఒకటయ్యేదాకా. మనం అక్కడే ఆపేద్దాం. సాయంత్రందాకా వాటికి ఆ గాలి చాలు."

కూతురు కత్తెర దించింది. సంచిని ఇద్దరూ కలిసే తొట్టెలోకి వదిలారు. అది ఒకసారి మునిగినట్టే మునిగి, పైకి తేలి నిలబడింది. లైటు వేయగానే నీళ్ళల్లో నీళ్ళు కలిసిపోయి సంచి అంచులు కనపడకుండా పోయాయి. తొట్టె నిండా ఎరుపు కదిలింది.

ఫినాయిలమ్మ మంచం దగ్గర వంగి, "కండక్టరుగారూ, పాసింజర్లు వచ్చారండీ" అంది.

ఎంతసేపటికో కళ్ళు తెరుచుకున్నాయి. చూపు కుదురుకోవడానికి ఇంకా కొంతసేపు పట్టింది. ఆయన తొట్టె వైపు చూస్తూ ఉండిపోయారు. కనురెప్పలు చేపల వెంట అటూ ఇటూ కదిలాయి.

"ఇంకా... లోపలికి రానివ్వలేదేం?"

"నీళ్ళింకా అవలేదండీ. తలుపు తియ్యలేదు."

"హోల్డాన్" అన్నారు. పెదవులు మాత్రమే కదిలాయి, కానీ బస్సు ఆపమనే ఆ కండక్టరు కేక అందరికీ అర్థమైంది. కూతురు నవ్వబోయి ఏడ్చింది. కాసేపాగి ఆయన, "బతికున్నాయి" అన్నారు.

మధ్యాహ్నమంతా ఫినాయిలమ్మ వరండా తుడిచింది, దుప్పట్లు నానబెట్టింది, పక్క గది ముసలామెకు తల దువ్వింది. ప్రాణం మాత్రం ఈ గదిలోనే ఉంది. దారిన పోయేటప్పుడల్లా తలుపులోంచి తొంగి చూసేది. ఆయన కళ్ళు తెరిచే ఉన్నాయి. కూతురు ఆయన చెయ్యి పట్టుకుని కుర్చీలోనే కునుకు తీస్తోంది.

ఎండ కిటికీ దిగే వేళకు ఆమె మళ్ళీ వచ్చింది, తుడుపుకర్ర చేతిలోనే ఉంది. ఆయన ఊపిరి ఒకటి వెళ్ళింది. తర్వాతిదాని కోసం ఆమె ఎదురుచూసింది. సంచిలో చేపలు ఒక చుట్టు తిరిగాయి, ఇంకో చుట్టు తిరిగాయి. ఆమె ఇంకా ఆగింది. అలవాటైన చావే, ఎన్ని చూసిందో. అయినా తుడుపుకర్ర గోడకు ఆనించడానికి చెయ్యి రాలేదు. చివరికి కూతురి భుజం మీద చెయ్యి వేసి, "అమ్మా, లేవమ్మా" అంది.

బండి వచ్చి ఆయన్ని తీసుకెళ్ళే ఏర్పాట్లన్నీ అయ్యాక, కూతురు చేపల సంచి తీసుకోవడానికి వెనక్కి వచ్చింది. ఫినాయిలమ్మ ఇక ఆగలేకపోయింది.

"అమ్మా, తప్పు నాది. మధ్యలో ఆ స్పాంజి నేనే కడిగేశాను, బ్లీచింగుతో. అందుకే అంతా మళ్ళీ మొదటికొచ్చింది. లేకపోతే ఎప్పుడో నీళ్ళయ్యేవి. ఆయన బతికిన చేపల్ని తొట్టెలోనే చూసేవారు."

కూతురు సంచికి అంటిన నీళ్ళు తుడిచింది.

"నాకు తెలుసు" అంది. "ఆ రోజే ఫోన్లో చెప్పారు, ఒకటే నవ్వు. 'ఫినాయిలమ్మ బండిని మళ్ళీ డిపోకి తోలేసింది, ఇప్పుడప్పుడే నేను దిగడానికి లేదు' అన్నారు. అప్పటికే డాక్టరుగారు ఆ నెల దాటరని చెప్పారమ్మా. ఆ నెలా దాటారు, తర్వాతి నెలా దాటారు. మాట తగ్గేదాకా రోజూ ఫోన్ చేసి రంగు చెప్పేవారు. మీరు కడక్కపోతే నాన్న ఎప్పుడో దిగిపోయేవారు."

ఫినాయిలమ్మ ఏప్రన్ అంచు మొహానికి అడ్డం పెట్టుకుని, ఇన్నాళ్ళ ఏడుపూ ఏడ్చింది.

"ఇవి కొట్టాయన దగ్గర ఉంచుతాను. నీళ్ళయ్యాక కబురు చెయ్యండి" అని, సంచిని ఒళ్ళో బిడ్డలా పట్టుకుని కూతురు వెళ్ళిపోయింది.

మనిషి పోయిన గదిని ఆ పూటే కడగాలని అక్కడి నియమం. ఫినాయిలమ్మ దుప్పటి తీసింది, పరుపు ఎత్తింది, మంచం కమ్ములు రుద్దింది. ఆయన నీళ్ళు తాగిన గ్లాసు, చెయ్యి ఆనించుకునే బల్ల, దిండు వెనక తల ఆని నూనె మరక పడ్డ గోడ, అన్నీ కడిగింది. నేల మీద ఫినాయిలు పోసి మూలమూలలా తుడిచింది. తర్వాత తొట్టె మూత ఎత్తి, రోజూలాగే చిటికెడు మేత వేసి, మూత పెట్టింది. బకెట్టు ఎత్తుకుని గుమ్మం దాకా వెళ్ళి ఒకసారి వెనక్కి చూసింది.

గదంతా తళతళలాడుతోంది, తొట్టెలో బుడగల మధ్య జిగురు పట్టిన ఆ గోధుమరంగు స్పాంజి ఒక్కటే కడగకుండా మిగిలింది.