మోటారు బిగించిన ఉయ్యాల

నేను ఒక ఇనుప ఉయ్యాలని. గేట్లు, కిటికీ ఊచలు చేసే కొట్లో పుట్టాను. అక్కడి నుంచి కరెంటు ఆఫీసు క్వార్టర్లకు వచ్చి, బిడ్డ పుట్టిన ఇంటికల్లా తిరిగాను. వెళ్లిన ప్రతి ఇంట్లో మగాయన నా బోల్టులు బిగించి, రంగు వేసి, పక్కన నిలబడి ఫొటో దిగేవాడు. అక్కడితో ఆయన పని సరి! తండ్రికని ఆఫీసు ఇచ్చే సెలవులో ఒకాయన ఇంటికి సున్నం వేయించాడు, ఇంకొకాయన క్రికెట్ పోటీలకు వెళ్లాడు. ఏం మనుషులండీ బాబూ!

చివరికి ఇంజనీరు ఫణీంద్ర ఇంటికి చేరాను. ఆయన భార్య సుభాషిణి ఒక ప్రైవేటు ఆస్పత్రిలో నర్సు. ఆమె సెలవు అయిపోయింది. సోమవారం డ్యూటీలో చేరి మానకుండా రాకపోతే ఇంకొకరిని పెట్టుకుంటామని ఆస్పత్రివాళ్లు చెప్పేశారు. పాపని చూసుకుంటానన్న అత్తగారేమో కాలు బెణికి మంచం పట్టింది.

"మీ సెలవు అలాగే ఉందిగా, పెట్టండి. పాపకి క్రెష్ దొరికేదాకా చాలు" అంది సుభాషిణి.

"సెలవు పెట్టి పిల్లని ఊపుతున్నానంటే ఆఫీసులో నన్ను ఆడుకుంటారే!" అంటూ గింజుకుని, ఆఖరికి పెట్టాడు. ఆమె సంతోషంగా డ్యూటీకి వెళ్లింది.

చేత్తో ఊపడం నామోషీ అనిపించింది కాబోలు, ఆ మహానుభావుడు నాకు మోటారు బిగించాడు. అది చూడ్డానికి మధ్యాహ్నం ఆఫీసువాళ్లు వచ్చారు. "అబ్బో! అదరగొట్టేశావు గురూ!" అంటూ నా చుట్టూ మూగారు. వేగం చాలదని ఒకడు, ఎక్కువైందని ఇంకొకడు. పాప గుక్కపట్టి ఏడుస్తోంది. నేను కిర్రుమంటున్నందుకే ఏడుస్తోందని నాకు నూనె వేశారు. నూనె! నాకే నోరుంటే అందరినీ కడిగేసేదాన్ని.

సుభాషిణి వచ్చేసరికి కూడా అదే తంతు. గబగబా ప్లగ్గు పీకి పాపని ఎత్తుకుంది. కింద గుడ్డ తడిసి ముద్దయింది. ఫ్రిజ్‌లో పెట్టి వెళ్లిన పాలు సగం అలాగే ఉన్నాయి.

"దీనికి ఆకలేస్తుందని ఒక్కరికీ తట్టలేదా?"

"ఊగుతోంది కదే, పడుకుంటుందనుకున్నాం. అయినా ఇవన్నీ మాకేం తెలుస్తాయి? ఆడాళ్లకైతే పుట్టుకతోనే వస్తాయి" అన్నాడు ఫణీంద్ర.

మర్నాడు మిగిలిన సెలవు రద్దు చేయించుకుని ఆయన ఆఫీసుకు వెళ్లిపోయాడు. సుభాషిణి ఇస్త్రీ చేసి పెట్టుకున్న యూనిఫాం మడిచి బీరువా అడుగున పెట్టింది. ఉద్యోగం పోయింది.

పాప నడక నేర్చాక ఫణీంద్ర నన్ను పాత ఇనుప కొట్టుకు తెచ్చాడు. మోటారు మాత్రం విప్పి దాచుకున్నాడు.

"నర్సమ్మగారు ఆస్పత్రిలో కనబడట్లేదేంటండీ?" అని అడిగాడు కొట్టతను.

"ఆవిడకి ఉద్యోగం మీద అంత ఇది లేదండీ. పిల్లతో ఇంట్లోనే ఉంటానంది."

కాటా మీద ఉన్నదాన్ని ఒక్కసారి కిర్రుమన్నాను.

"కాస్త నూనె వేయాల్సిందండీ" అన్నాడు కొట్టతను.