ఆర్, ఎన్ ఉన్న ఐదక్షరాల మాటలు

అనుమానం నాకు పుట్టుకతోనే వచ్చిందని మా ఆవిడ అంటుంది. నేను ఒప్పుకోను. మనుషుల్ని చూశాక వచ్చింది. మా టైపిస్టునే తీసుకోండి. నేను ఆమె బల్ల పక్కనుంచి వెళ్తే చాలు, సొరుగు టప్పున మూసేస్తుంది. ఫోనొస్తే మెట్ల మీదకి పోయి గుసగుసలాడుతుంది. కడుపులో ఏమీ లేని మనిషికి అంత దాపరికం ఎందుకు?

మాది చిన్న ప్రచురణ సంస్థ. పైన రెండు గదులు, కింద బైండింగు. పోటీ పరీక్షలకి చదివేవాళ్ళ కోసం జేబులో పట్టే పుస్తకాలు వేస్తాం. ఫలానా అక్షరాలున్న ఐదక్షరాల ఇంగ్లిష్ మాటలు, పక్కనే తెలుగులో అర్థం. ఇరవై రెండేళ్ళుగా అవి తయారుచేసేది నేనే. ఆఫీసులో అందరూ నన్ను డిక్షనరీ గారూ అని పిలుస్తారు. మాటలు నేను ఏరతాను, వంటపని అయ్యాక మా ఆవిడ కూర్చుని అర్థాలు రాసిపెడుతుంది. పెద్ద పనేం కాదు. ఆవిడ దస్తూరి బాగుంటుంది, అందుకని.

కిందటేడు ఎల్, టి ఉన్న మాటల పుస్తకం మా దగ్గర అచ్చు పూర్తికాకముందే వీధి చివరి ప్రెస్సు వాళ్ళు బజార్లోకి తెచ్చేశారు. రాసిందెవరో పేరు లేదు. అవే మాటలు, అదే వరస. ఏ, బి, సి వరస కాదు, తేలిక మాటల నుంచి కష్టమైన వాటికి నేను కట్టుకున్న వరస. ఆ రోజు నాకు అన్నం సహించలేదు. ఆఫీసులో ఎవరో అందించారన్నది ఖాయం. యజమాని గారు నన్ను పిలిచి, ఆ మనిషెవరో కనిపెట్టండి, తేలిన పూటే పంపించేస్తాను అన్నారు.

కనిపెట్టడానికి ఉపాయం ఆలోచించాను. ఈ ఏడు ఆర్, ఎన్ ఉన్న మాటలు సిద్ధమయ్యాక మూలప్రతి ఇంట్లో బీరువాలో పెట్టి, నా చేత్తో మూడు నకళ్ళు రాశాను. ఒకటి టైపిస్టుకి, ఒకటి ప్రూఫులు చూసే పెద్దాయనకి, ఒకటి అమ్మకాలు చూసుకునే యజమాని గారి బావమరిదికి. ఒక్కో నకల్లో ఒక్కో మంచి మాట తీసేసి, ఆ చోట ఏ డిక్షనరీలోనూ లేని దొంగ మాట పెట్టాను. టైపిస్టు నకల్లో కొంగ అనే అర్థమున్న క్రేన్ పోయి, ‘గ్లార్న్: తడి ఆరని గోడ వాసన’ వచ్చింది. పెద్దాయన నకల్లో ముల్లు, అంటే థార్న్, తీసేసి ‘ప్రండ్: అలిగి అన్నం మానేయడం’ అని రాశాను. బావమరిది నకల్లో ఉప్పునీరు అనే బ్రైన్ బదులు ‘స్నార్బ్: నవ్వు ఆపుకోబోతే వచ్చే దగ్గు’. అచ్చుకి వెళ్ళేముందు ఎలాగూ సరిదిద్దుకుంటాను. ఈలోగా ఏ దొంగ మాట బజార్లో కనపడితే, అది ఎవరి నకల్లోదో వాళ్ళు అడ్డంగా దొరికినట్టే. నా తెలివి మీద నాకే ముద్దొచ్చింది.

ఇక కాపలా మొదలుపెట్టాను. పెద్దాయన కళ్ళజోడు పైకెత్తి, ప్రండ్ అనే మాట నా జన్మలో వినలేదే అన్నాడు. కొత్తగా వచ్చిందిలెండి అన్నాను. బావమరిది అసలు కాగితం విప్పలేదు. టైపిస్టు మాత్రం గ్లార్న్‌ని నోరెత్తకుండా టైపు చేసేసింది. అది చాలదూ?

శుక్రవారం పొద్దున వీధి చివరి ప్రెస్సు వాళ్ళ కొత్త పుస్తకం బావమరిది తెచ్చి నా బల్ల మీద పడేశాడు. అట్ట మీద ఆర్, ఎన్. నా ఒళ్ళు మండిపోయింది. లోపల ఏముందో తెరిచి చూడకుండానే తిన్నగా యజమాని గారి గదిలోకి పోయి, టైపిస్టే అని చెప్పేశాను. ఆయన ఆమెని పిలిచి, పని అప్పగించి రేపటి నుంచి మానేయమన్నారు.

ఆమె ఏడవలేదు. నా వైపు తిరిగి, “నేనేం చేశానో అది చెప్పండి సార్, చాలు” అంది.

చేసినవాళ్ళకి తెలుసు అన్నాను. ఆమె సొరుగు తెరిచి సామాను తీసుకుంది. నేను అంతగా అనుమానించిన ఆ సొరుగులో సగం అల్లిన స్వెట్టరు, రెండు ఊలు ఉండలు ఉన్నాయి. ఆ ఇంట్లో సంపాదన ఆమెదొక్కటేనని పెద్దాయన నాకు వినపడేలా గొణిగాడు.

అప్పుడు కూర్చుని, టీ తెప్పించుకుని, గ్లార్న్ కోసం పుస్తకం తెరిచాను. ఆ చోట క్రేన్ ఉంది. కొంగ.

సరే, పెద్దాయనన్నమాట అనుకుని ప్రండ్ వెతికాను. ముల్లు నిక్షేపంలా ఉంది. బావమరిది స్నార్బ్ కూడా లేదు, ఉప్పునీరు ఉంది. మూడు మంచి మాటలూ ఎక్కడివక్కడ ఉన్నాయి. అవి మూడూ కలిసి ఉన్నది మూలప్రతిలో మాత్రమే. అది మా ఇంట్లో బీరువాలో ఉంది.

టీ చల్లారిపోయింది. మొదటి పేజీ తిప్పాను. కూర్పు అని ఉన్నచోట ఎవరో ఆడమనిషి పేరు. ఎవరబ్బా ఈవిడ అనుకున్నాను. ఇరవై ఆరేళ్ళుగా ఏమోయ్ అని తప్ప పిలిచి ఎరగను కదా, ఆ పేరు మా ఆవిడదని తెలియడానికి కాసేపు పట్టింది. సిగ్గుతో చచ్చిపోయాను.

ఇంటికి వెళ్ళేసరికి ఆవిడ ఆరిన బట్టలు మడతపెడుతోంది. పుస్తకం మంచం మీద పెట్టి, నా పుస్తకం వాళ్ళకెలా ఇచ్చావన్నాను.

“మాటలు డిక్షనరీలోవి. అవి ఎవరివీ కావండీ” అంది. “అర్థాలు నేను రాసినవి. కిందటేడు పేరు వెయ్యమని వాళ్ళని అడగడానికి నోరు రాలేదు. ఈసారి అడిగాను.”

“నన్ను అడగొచ్చుగా?”

“మూడుసార్లు అడిగాను. మీకు గుర్తుండదు.”

నిజంగానే గుర్తులేదు. దానికన్నా చెప్పుకోలేని విషయం ఇంకోటుంది. టైపిస్టు సంగతి నీళ్ళు నములుతూ చెప్పాను. ఆవిడ చేతులు ఆగిపోయాయి.

“పేరు చూస్తే మీకే తెలుస్తుందనుకున్నాను. ఆ పిల్ల మీదకి పోతుందని అనుకోలేదు” అంది. చేతిలో బట్ట మంచం మీద పెట్టి, “మీరు వెళ్ళి చెప్తారా, నన్ను రమ్మంటారా?” అంది.

నేనే చెప్తానన్నాను. ఆవిడ వంటింట్లోకి వెళ్ళాక ఆ పుస్తకం మొదటిసారి కుదురుగా చదివాను. ‘స్నోర్: పక్కవాళ్ళకి మాత్రమే వినపడే నిద్ర’ అని ఉంది. ఇరవై రెండేళ్ళూ ఇలాంటివి నా పేరు కింద అచ్చయ్యాయి. ఒక్కటి కూడా నేను రాయగలిగేవాణ్ణి కాను.

శనివారం నేను వెళ్ళేసరికి టైపిస్టు తాళంచెవి అప్పగించడానికి యజమాని గారి ముందు నిలబడి ఉంది. తప్పు నాది, ఆమెకి ఇందులో ఏ సంబంధమూ లేదు అన్నాను. ఆయన విసుక్కున్నారు.

“మరి దొంగ ఎవరండీ?”

మా ఆవిడ పేరు ఆ పుస్తకంలోనే ఉంది. చూపిస్తే సరిపోయేది.

“నేనేనండీ” అన్నాను. “ఇరవై రెండేళ్ళ నుంచి.”

ఆయన జోకనుకుని నవ్వబోయారు. టైపిస్టు నవ్వలేదు. సంచిలోంచి మూలప్రతి తీసి, మా ఆవిడ దస్తూరి ఉన్న పేజీ తెరిచి ఆయన ముందు పెట్టాను.