చేపల తొట్టి నీళ్ళు

"కట్టు విప్పుతున్నావా, తోలు వలుస్తున్నావా?" అంది అత్తగారు.

కోడలు ఇంకాస్త మెల్లిగా విప్పింది. ఏళ్ళ తరబడి మానని కాలి పుండు అది. వంటపని మధ్యలో రెండు పూటలా దాన్ని కడిగి కట్టు కట్టేది ఆమే. ఇది చాలదన్నట్టు హాల్లో మొగుడుగారి చేపల తొట్టి ఒకటి. వచ్చినవాళ్ళందరితో "వీటిని కన్నబిడ్డల్లా చూసుకుంటాను" అంటాడు. చూడటం వరకే ఆయన వంతు. నీళ్ళు తోడటం, పాచి గీకడం ఈవిడ వంతు. ఆ నీళ్ళు తోడే బేసినూ, అత్తగారి కాలు నానబెట్టే బేసినూ ఒకటే. ఇంకోటి కొందామంటే "కడుక్కుని వాడుకోలేవా, ఇల్లంతా బేసిన్లతో నింపుతావా?" అన్నాడు. కడుక్కునే వాడింది, పిచ్చిది.

కొన్నాళ్ళుగా పుండు చుట్టూ కొత్త గడ్డలు లేస్తున్నాయి. ఏ మందుకీ లొంగడం లేదు. కోడలి కుడిచేతి వేళ్ళ మీదా అలాంటివే లేచి, చితికి, మణికట్టు వైపు పాకుతున్నాయి. పిడికిలి బిగిస్తే ప్రాణం పోతోంది. మొగుడికి చెబితే ఫోన్లోంచి తలెత్తకుండా "సబ్బు పడలేదేమో" అన్నాడు. అత్తగారు ఆ చేతిని రోజూ చూస్తూనే ఉంది. ఆ చేత్తో ముట్టుకోకు అని మాత్రం ఎన్నడూ అనలేదు. అంటే కట్టు కట్టే దిక్కు లేదు మరి.

ఇవాళ ముగ్గురూ ఆస్పత్రికి వెళితే అత్తగారి పుండు పరీక్ష ఫలితం చెప్పారు.

"ఇది చాలా అరుదుగా కనిపించే బాక్టీరియా. చేపల తొట్టి నీళ్ళలో ఉంటుంది. మీ ఇంట్లో తొట్టి ఉందా?" అని అడిగింది డాక్టరమ్మ.

"ఉందండీ. కడగడమంతా ఈవిడే," అన్నాడు మొగుడు. ఆ పని ఆమెదని పరాయివాళ్ళ ముందు ఒప్పుకోవడం అదే మొదలు.

"ఇంట్లో ఇంకెవరికైనా ఇలాంటి గడ్డలున్నాయా?"

"లేవండీ."

అబద్ధమాడాడనీ అనలేం. ఆమె చెప్పినమాట ఆ చెవిన పడి ఎప్పుడో జారిపోయింది. అత్తగారైనా చెబుతుందేమోనని కోడలు ఆమె వైపు చూసింది. అత్తగారు కిటికీ వైపు తల తిప్పుకుంది. కోడలి మనసు విరిగిపోయింది. చెయ్యి తీసి బల్లమీద పెట్టింది.

డాక్టరమ్మ ఒక్కో వేలూ పట్టి చూసింది. "ఇంతదాకా ఎందుకు రానిచ్చారు? నెలల తరబడి మందులు వాడాలి. ముదిరితే వేళ్ళు వంగవు. తగ్గేదాకా ఈ చెయ్యి తడవకూడదు, ఆ పుండు ముట్టకూడదు."

తడవకూడదు అన్న మాటకి ఆమెకు ఏడుపు తన్నుకొచ్చింది. పెళ్ళయ్యాక ఆమెతో ఆ మాట అన్నవాళ్ళు లేరు.

అత్తగారు కొడుకు వైపు చూసింది. అతను డాక్టరమ్మ వైపు తిరిగాడు.

"గ్లోవ్స్ వేసుకుని చేస్తుంది లెండి, డాక్టర్."

డాక్టరమ్మ ఏదో అనబోయింది. తలుపు బయట వరసలో ఉన్న జనాన్ని చూసి, మందుల చీటీ చివర గ్లోవ్స్ అని కూడా రాసింది. కోడలు రెండో చెయ్యి చాచి చీటీ అందుకుంది.