దేవేంద్ర ఎక్కిన సిరిమాను

దసరా వెళ్ళిన మర్నాడే పెదనాన్న అప్పలనరసింహం దేవేంద్రను పిలిపించి, "ఒరే, నా మోకాళ్ళు అయిపోనాయి. ఈ ఏడు సిరిమాను నువ్వెక్కాల" అన్నాడు. ఆ రోజు మొదలు దేవేంద్ర కాలు ఒకచోట నిలిస్తే ఒట్టు.

బొబ్బిలి దగ్గర దిబ్బవలసలో మరిడమ్మ తల్లి పండగ ఏటా ఉగాది ముందు వచ్చే మంగళవారం జరుగుతుంది. నిటారుగా పెరిగిన చింతమానును కొట్టుకొచ్చి, చెక్కి నునుపు చేసి, బండి మీద ఇరుసుకు బిగిస్తారు. మొదలు పట్టుకుని మగవాళ్ళు కిందికి లాగితే చివర ఆకాశంలోకి లేస్తుంది. ఆ చివర కట్టిన పీట మీద పూజారి కూర్చుంటాడు. రెండంతస్తుల మేడంత ఎత్తున ఆయన ఊగుతూ వస్తుంటే జనం అరటిపళ్ళు విసిరి మొక్కుకుంటారు. గుడి దగ్గర్నుంచి రైల్వే గేటు దాకా వెళ్ళి రావాలి. అలా మూడుసార్లు.

ఆ పూజారితనం దేవేంద్ర వాళ్ళ ఇంటి మగవాళ్ళది. అప్పలనరసింహానికి కొడుకుల్లేరు, రేఖ ఒక్కతే కూతురు. అందుకని వంతు తమ్ముడి కొడుకైన దేవేంద్రకు వచ్చింది. అతను భోగాపురంలో విమానాశ్రయం పనుల్లో పొక్లెయిన్ నడుపుతాడు. వారానికోసారి ఇంటికొస్తాడు. ఒడ్డూ పొడుగూ ఉన్న మనిషి. ఊళ్ళో ఎవరికీ తెలియనిదేమిటంటే, అతనికి ఎత్తంటే భయం. చిన్నప్పుడు ఎక్కడినుంచీ పడలేదు, ఎవరూ తోసెయ్యలేదు. పిట్టగోడ దగ్గర నిలబడితే చాలు, అరికాళ్ళు జిల్లుమంటాయి, నోరు ఎండిపోతుంది, కింద నేల రమ్మని పిలుస్తున్నట్టుంటుంది.

ఆ ఏడాది అతను తిరిగినన్ని పండగలు అంతకుముందు ఎన్నడూ తిరగలేదు. విజయనగరంలో పైడితల్లి సిరిమానుకు వెళ్ళి, జనంలో నలిగిపోతూ మెడ నొప్పెట్టేదాకా పైకే చూశాడు. సంక్రాంతి దాటాక శంబర పోలమాంబ జాతరకు వెళ్ళాడు. అందరూ దండం పెడుతుంటే, ఇతను మాత్రం అక్కడి సిరిమాను మీద కూర్చున్న మనిషి కాళ్ళు వణుకుతున్నాయా లేదా అని చూశాడు. అంత దూరానికి ఏమీ తెలియలేదు. రథసప్తమికి అరసవల్లిలో తెల్లారకముందే క్యూలో నిలబడి, సూర్యనారాయణమూర్తి ఎదుటికొచ్చాక ఏం కోరుకోవాలో తోచక, వెనకవాళ్ళు తోసేస్తే బయటపడ్డాడు.

"ఏటి మావా, కూకుంటే లెగుస్తావు, లెగిస్తే మళ్ళీ కూకుంటావు. ఆ బండి తాళం ఇలాగియ్యి, అరిగిపోతాది" అంది భార్య కుమారి ఒకనాడు.

అప్పుడు చెప్పేశాడు. కుమారి నవ్వలేదు. చేటలో బియ్యం పక్కన పెట్టి, "మరి మీ పెదనాన్నకి సెప్పీరాదా" అంది.

చెప్పడానికి ధైర్యం రాలేదు. ముందు తనంతట తాను అలవాటు చేసుకుందామని, మధ్యాహ్నం ఊరు కునుకు తీసే వేళ మంచినీళ్ళ ట్యాంకు నిచ్చెన ఎక్కడం మొదలుపెట్టాడు. సగం ఎక్కేవాడు, కళ్ళు మూసుకుని ఇనప కమ్మీని కౌగిలించుకునేవాడు, దిగిపోయేవాడు. మూడో ఆదివారం కిందికి దిగి చూస్తే ట్యాంకు నీడలో స్కూటీ ఆపుకుని రేఖ నిలబడి ఉంది.

రేఖ కరెంటు లైన్ల మీద పని చేస్తుంది. ఉద్యోగం వచ్చిన కొత్తలో, ఆడపిల్ల స్తంభాలెక్కడమేమిటని ఊరు నెల్లాళ్ళు మాట్లాడుకుంది. తర్వాత తుపాను రాత్రి పోయిన కరెంటు రెండో రోజుకే ఆమె చేతుల మీదుగా తిరిగొచ్చాక ఊరు ఆ మాటలు మానేసింది.

"శానా సేపట్నుంచి ఉన్నావేటి?" అన్నాడు దేవేంద్ర.

"సగం దాకా ఎక్కినప్పట్నుంచి." ఆమె ట్యాంకు వైపు చూసింది. "నన్నెక్కమంటే ఎంత బాగుణ్ణు అన్నియ్యా. చిన్నప్పట్నుంచీ నాన్న పైనుంటే కిందనుంచి సూసి సూసి..." అంటూ ఆగిపోయి స్కూటీ తీసింది. "ఎవలికీ సెప్పన్లే."

ఆమె వెళ్ళిపోయాక దేవేంద్ర ఇంటికి పోకుండా తిన్నగా పెదనాన్న దగ్గరికి వెళ్ళాడు. ఆయన అరుగు మీద మోకాళ్ళకు ఆముదం రాసుకుంటున్నాడు.

"పెదనాన్నా, నీకు పైన ఎప్పుడూ బయమెయ్యలేదా?"

"నేదురా. ఒక్కపాలి కూడా నేదు." చెయ్యి ఆపి, దేవేంద్ర మొహం చూసి, చెప్పకుండానే గ్రహించాడు. "నాకు బయం తెలీదు. అందుకే నీకేటి సెప్పాలో కూడా తెలీడం నేదు."

"నావల్ల కాదంటే?"

"కాదంటే మాను లెగదు. అంతే." ఆ గొంతులో కోపం లేదు. తిట్టి ఉంటే బాగుండేదని దేవేంద్రకు అనిపించింది. పొమ్మనీ అనలేదు, ఉండమనీ అనలేదు. మళ్ళీ మోకాలి మీద ఆముదం రాసుకోసాగాడు. దేవేంద్ర అరుగు మీద కూర్చోబోయి, మనసు మార్చుకుని లేచి వచ్చేశాడు.

పండగ మంగళవారం వచ్చింది. ఉపవాసంతో, పట్టుబట్టలతో, తలపాగాతో దేవేంద్రను పీట మీద కూర్చోబెట్టి నడుముకు గుడ్డ కట్టారు. చేతికి విసనకర్ర ఇచ్చారు. దారి పొడుగునా కరెంటు ఆపించి, తలకు హెల్మెట్, నడుముకు బెల్టుతో రేఖ ముందు నడుస్తోంది. డప్పులు మొదలయ్యాయి. మాను లేచింది. దేవేంద్ర కళ్ళు గట్టిగా మూసుకున్నాడు.

మొదటి తిరుగుడు ఎలా గడిచిందో అతనికి తెలియదు. అరటిపళ్ళు గుండెకూ భుజానికీ తగులుతున్నాయి. కింద హోరు. చీకట్లో ఎవరో గిరగిరా తిప్పుతున్నట్టుంది. ఒంటిమీది పట్టుబట్ట చెమటకు తడిసి ముద్దయింది.

రెండోసారి బయల్దేరి, జగన్నాధం గారి రైసుమిల్లు మలుపు దగ్గరికి వచ్చేసరికి ఒక్క కుదుపుతో అంతా ఆగింది. రెండు మేడల మధ్య ఎవరో కట్టుకున్న ఇంటర్నెట్ తీగ ఒకటి తీయకుండా మిగిలిపోయింది. అది పీట కింది మేకుకు తగులుకుంది. విషయం తెలియని మగవాళ్ళు బండిని ఇంకా ముందుకు తోశారు. మాను పక్కకు ఒరిగి వణికింది. దేవేంద్ర కళ్ళు తెరిచాడు.

కింద తలకాయలు, తలకాయలు. అన్నీ తనవైపే. నేల పిలిచింది. అతను విసనకర్ర వదిలేసి రెండు చేతులా మానును వాటేసుకున్నాడు. జనం అదీ ఒక భక్తే అనుకుని దండాలు పెట్టారు.

అప్పుడు పక్కనున్న కరెంటు స్తంభం మీద ఏదో కదిలింది. రేఖ ఎక్కుతోంది. చకచకా ఎక్కి, అతనికి ఇంచుమించు సమానంగా వచ్చి, బెల్టు తగిలించుకుని నిలబడింది. చెయ్యి చాపినా అందనంత దూరం.

"అన్నియ్యా, తీగ నీ ఎడం కాలి కింద మేకుకి తగులుకున్నాది. నాకందదు. నువ్వే వంగి తియ్యాల."

"నావల్ల కాదే."

"బయమా?"

"బయమే." డప్పుల మోతలో ఆ మాట ఆమెకు తప్ప ఎవరికీ వినబడలేదు.

"సరే, బయపడు. బయపడతానే తియ్యి. కళ్ళు మాత్రం మూయకు, మూస్తేనే తిరుగుతాది. వదిన ఎక్కడున్నాదో సూడు."

అతను వెతికాడు. వెతకడానికి కిందికి చూడక తప్పలేదు. "కనబడతన్నాది. మిల్లు గోడ దగ్గర. పసుపు సీర."

"ఏటి సేస్తన్నాది?"

"సెప్పు తెగిపోనట్టున్నాది. సేత్తో పట్టుకుని నిలబడ్డాది."

"ఆ సెప్పే సూస్తా వంగు."

దేవేంద్ర కుమారి చేతిలోని చెప్పునే చూస్తూ, ఒక చేత్తో మానును పట్టుకుని, రెండో చెయ్యి కాలి కిందికి పోనిచ్చాడు. తీగ బిగుసుకుపోయి ఉంది. వేళ్ళు కోసుకున్నాయి. ఒకసారి జారింది. రెండోసారి మేకు మీంచి పైకి లాగి వదిలేశాడు. మాను ఒక్కసారి విసురుగా ఊగి, మళ్ళీ నిలువుకొచ్చింది. కింద హోరు ఆకాశానికంటింది. రేఖ బెల్టు విప్పుకుని స్తంభం దిగిపోయింది.

మూడో తిరుగుడు కళ్ళు తెరుచుకునే తిరిగాడు. వాళ్ళ ఇంటి పెంకుల మీద పండిన గుమ్మడికాయ కనిపించింది. నువ్వుచేల పక్కనుంచి బొబ్బిలి వైపు సాగే పట్టాలు కనిపించాయి. భయం పోలేదు. పీట మీద అతని పక్కనే ఇరుక్కుని కూర్చుంది. అయినా ఇద్దరికీ చోటు సరిపోయింది.

కిందికి దింపాక కాళ్ళకు మొక్కేవాళ్ళు మొక్కుతుంటే, అతను గుడి వెనక్కి పోయి కడుపులో ఉన్న కాసిని తీర్థం నీళ్ళూ కక్కుకున్నాడు. కుమారి వీపు నిమిరింది. "అయిపోనాది మావా. ఇంకేటి, ఏడాది దాకా నిమ్మళంగా ఉండు."

అతనూ అలాగే అనుకున్నాడు. కాని మర్నాడు పెదనాన్న ఇంట్లో భోజనాల దగ్గర ముద్ద కలుపుతూ ఆగిపోయాడు. స్తంభం మీద చేతులు రెండూ వదిలేసి, బెల్టు మీద వెనక్కి వాలి, గట్టు మీద కూర్చున్నట్టు నిలబడిన రేఖే కళ్ళ ముందు మెదులుతోంది.

"పెదనాన్నా, వచ్చే ఏడు రేఖనెక్కించు."

వడ్డిస్తున్న పెద్దమ్మ గరిటె ఆగిపోయింది. రేఖ తల ఎత్తలేదు.

"ఆడపిల్ల ఎక్కిందని ఎక్కడా నేదు" అన్నాడు అప్పలనరసింహం.

"మన ఇంటి పిల్లే కదా. నీ రక్తమే. బయం తెలీనిది నీకొచ్చినట్టే దానికీ వచ్చినాది, నాకు రాలేదు. నాను ఎక్కలేనని కాదు. కావాలంటే మళ్ళీ ఎక్కుతాను, మళ్ళీ కక్కుకుంటాను. కానీ ఎక్కాల్సింది అది."

ఆ ముసలాయన కూతురి వంక చూశాడు. "నీకిష్టమేనేటే?"

రేఖ అన్నంలో వేళ్ళు కదుపుతూ, "ఇష్టం కాక. అడగడానికే నోరు రానేదు" అంది.

ఆయన కంచంలో చెయ్యి కడిగేసుకున్నాడు. "నానైతే కాదనను. ఊరు ఒప్పాల. ఊరిని నువ్వే అడగాల, నాను అడగను" అని కర్ర తీసుకుని లేచాడు.

ఆ సాయంత్రమే దేవేంద్ర మొదట జగన్నాధం గారి ఇంటికి వెళ్ళాడు. పండగ సంగతులు తేల్చే ఊరి సభకు ఆయనే పెద్ద. మిల్లు ముందు మడతమంచం మీద ఉన్నాడు. పక్కన కుర్చీ చూపించాడు.

"వద్దండి. కూకుంటే నాకు మాట రాదు" అని దేవేంద్ర నిలబడే అంతా చెప్పాడు. తన భయం దగ్గర్నుంచి, మేకు దగ్గర రేఖ అన్న మాటల దాకా. ఊరికి తెలియని సంగతి మొదటిసారి పూర్తిగా బయటపెడుతూ అటు రెండడుగులు, ఇటు రెండడుగులు నడుస్తూనే ఉన్నాడు.

జగన్నాధం చుట్ట ఆర్పాడు. "ఊరు నవ్వుతాదిరా. నిన్ను సూసి ముందు."

"నవ్వనీండి."

"ఉగాది వెళ్ళాక సభలో మాటెత్తు. నాను ఔననను. కాదని మాత్రం అనను. మిగతావోళ్ళని నువ్వు సూసుకో."

అది చాలా తక్కువే. కాని పొమ్మనడం కాదు. దేవేంద్ర దండం పెట్టి బయటికొచ్చి బండి స్టార్టు చేశాడు. పొద్దు ఇంకా వాలలేదు. ఇంటి వైపు తిప్పబోయినవాడు ఆగి, సభలో మరో పెద్దమనిషి నారాయణమూర్తి గారింటి వైపు తిప్పాడు.