నోరు మూసుకుని కట్టిన తపై

మంగళవారం పొద్దున్నే కెల్సుమ్ తలగుడ్డ కొసని నోటికి అడ్డంగా లాగి గట్టిగా ముడేసుకుంది. పాసిర్ మాస్ పట్నం పక్కన ఆ ఊళ్లో ఆమె నోరు మూతపడగా చూసినవాళ్లు లేరు. నిద్రలో కూడా ఎవరినో ఒకరిని కడిగిపారేస్తుందని మొగుడు దెరమన్ ఒట్టేసి మరీ చెబుతాడు.

కారణం తపై. ఉడికిన జిగురు బియ్యం చల్లార్చి, ఈస్టు బిళ్ల పొడి చల్లి, రబ్బరాకుల్లో పొట్లాలు కట్టి, కుండలో మూడు రోజులు మూసిపెడితే తియ్యగా ఊరుతుంది. ఊరాలి. కెల్సుమ్ చేతిలో మాత్రం ఇరవయ్యేడేళ్లుగా ఏటా పులిసి చస్తోంది. తపై కట్టే మనిషి మాట్లాడకూడదు, కోపం తెచ్చుకోకూడదు, మనసులో కూడా ఎవర్నీ తిట్టకూడదని అక్కడి నమ్మకం. అందుకని ఊరంతా కలిసి తప్పు బియ్యానిది కాదు, కెల్సుమ్ నాలుకదని తేల్చేసింది. ఎదురింట్లో ఉండే అత్త మెక్ జారా ఆ మాట కూడా అనేది కాదు. రోజుకు నాలుగు మాటలు మించి ఖర్చుపెట్టే మనిషి కాదావిడ. కోడలి పొట్లం ఒకటి విప్పి, నాలుక మీద పెట్టుకుని, మళ్లీ ఆకులోకే ఊసేసేది. ఆవిడ తపై కోసమైతే మూడు ఊళ్లవాళ్లు వచ్చేవారు.

ఈ శుక్రవారం కెల్సుమ్ కూతురు సుహైలా నిశ్చితార్థం. తపై ఇంట్లో చేసిందే కావాలని పెళ్లికొడుకు తల్లి కబురుపెట్టింది.

"నేను చెయ్యనా?" అంది అత్త.

కెల్సుమ్‌కి ఒళ్లు మండిపోయింది. "ఏం, నాకు చేతుల్లేవా అత్తయ్యా? ఈసారీ పులిస్తే బతికుండగా మళ్లీ కుండ ముట్టను. మీరే వచ్చి నా వంటింట్లో పెత్తనం చేసుకోండి!" అని పదిమంది ముందూ అనేసింది. అందుకే ఈ నోటిగుడ్డ.

దెరమన్ వంటింటి గుమ్మంలో కూర్చుని కాఫీ తాగుతున్నాడు. నోట్లో నాలుక లేనివాడని అతనికి పేరు. నిజానికి నాలుక ఉంది, పెళ్లయ్యాక దానికి సందు దొరకలేదంతే.

"ఏమే, నిజంగానే మాట్లాడవా?"

కెల్సుమ్ తల అడ్డంగా ఊపి పొట్లం మడిచింది.

"నేనేమన్నా సరే?"

మళ్లీ ఊపింది. దెరమన్ గొంతు సవరించుకున్నాడు.

"అయితే విను. ఆ నీలం పింగాణీ గిన్నె పగలగొట్టింది పిల్లి కాదు." కెల్సుమ్ చేతిలో పొట్లం కాస్త నలిగింది. "మీ అన్న ఇంటికి వెళ్దామన్నప్పుడల్లా నాకు నడుం పట్టేస్తుంది చూడు, అదీ ఉత్తిదే." అతనికి ప్రాణం హాయిగా ఉంది. "ఇంకోటి. నువ్వు తపై పెట్టినప్పుడల్లా రెండోరోజు పొద్దున్నే మూత తీసి చూస్తాగా నేను. ఊరిందో లేదో అని ఆత్రం. ఒక్కటంటే ఒక్క పొట్లం విప్పి, వేలుపెట్టి చూసి, మళ్లీ మూసేస్తా. అంతే."

కెల్సుమ్ చేతులు ఆగిపోయాయి. మూత కదిలి గాలి తగిలితే తపై చెడుతుందని ఆ ఊళ్లో పాలు తాగే పిల్లలకి కూడా తెలుసు. ఇరవయ్యేడేళ్లు ఊరి నోట పడింది, అత్త ముందు తలదించుకుంది, అదంతా ఈ మహానుభావుడి వేలు వల్ల! ఇంకా నలభై పొట్లాలు కట్టాలి. తిట్టకూడదు. మనసులో కూడా. కళ్లు మూసుకుని తనకి వచ్చిన ప్రార్థనలన్నీ వరసగా చదువుకుంది. మధ్యలో మొగుడి పేరు దూరినప్పుడల్లా మళ్లీ మొదటికొచ్చింది. ఆ కళ్లు తెరుచుకోగానే దెరమన్‌కి మేకలకి గడ్డి వెయ్యాలని గుర్తొచ్చి, కాఫీ సగంలో వదిలేసి పోయాడు. వాళ్లకి మేకల్లేవు.

నలభై పొట్లాలూ కట్టింది. కుండని బీరువాలో పెట్టి తాళం వేసి, తాళంచెవి నడుముకి కట్టుకుంది. పొట్లాలు కట్టడం అయ్యాక మాట్లాడొచ్చు. కానీ ఒకసారి మొదలుపెడితే ఆగలేనని ఆమెకే భయమేసి గుడ్డ విప్పలేదు.

శుక్రవారం చాపల మీద రెండు వైపులవాళ్లూ కూర్చున్నారు. మొదటి పొట్లం మెక్ జారా విప్పింది. నాలుక మీద పెట్టుకుంది. ఊయలేదు. మింగింది. ఇంకోటి విప్పింది.

"తీపి," అంది.

కెల్సుమ్ కళ్లలో గిర్రున నీళ్లు తిరిగాయి. అత్త అక్కడితో ఆపి ఉంటే బాగుండేది.

"చూశావా, నోరు మూసుకుంటే!"

కెల్సుమ్ నోటిగుడ్డ లాగిపారేసింది. "నా నోరా? నా నోరేం చేసింది అత్తయ్యా? మీ కొడుకు వేలునడగండి! ఏటేటా రెండోరోజు మూత తీసి కెలుకుతున్నాడీ పెద్దమనిషి! వియ్యంకుల ముందని కూడా చూడను, చెప్పవయ్యా, చెప్పు!"

పెళ్లికొడుకు తల్లి మెల్లగా తన మొగుడి వైపు తిరిగింది. ఆయన చాప మీది పువ్వులు లెక్కపెట్టుకుంటున్నాడు.

"రెండోరోజు పొద్దుటా?" అంది మెక్ జారా కొడుకుతో.

"అవునమ్మా."

"నీకెవడు నేర్పాడురా?"

దెరమన్ తల గోక్కున్నాడు. "నాన్నే. చిన్నప్పుడు ఇద్దరం కలిసే తీసేవాళ్లం."

ముసలావిడ చేతిలో పొట్లం కిందికి జారింది. "మీ నాన్న ఉన్నన్నాళ్లూ నాదీ పులిసేదిరా. 'నీ నాలుకే విషం' అంది మా అత్త. అప్పట్నుంచి మాట్లాడ్డమే మానేశాను. ఆయన పోయాడు, ఆ ఏడే నువ్వు పెళ్లాడి ఎదురింటికెళ్లావు, నా తపై తీపెక్కింది. నోరు కట్టుకున్న ఫలం ఇన్నాళ్లకి దక్కిందనుకున్నాను." ఆవిడ తలగుడ్డ వెనక్కి తోసుకుంది. "యాభై ఏళ్లురా! యాభై ఏళ్లు ఉత్తినే నోరు కుట్టుకు కూర్చున్నాను!"

మెక్ జారా మొదలుపెట్టింది. చచ్చిపోయిన మొగుడితో మొదలుపెట్టి, అతని తల్లి మీదుగా, ఆడపడుచుల దాకా వచ్చింది. ఉంగరం పెట్టెలోనే ఉండిపోయింది. సాయంత్రం నమాజుకి పిలుపు వినిపించి, పెళ్లికొడుకు తల్లి లేవబోయింది.

"కూర్చోవమ్మా," అంది మెక్ జారా. "కెల్సుమ్, నీళ్లివ్వవే. ఇంకా నా పెళ్లి రోజు దగ్గరే ఉన్నాను."