స్టాంపు లేని కాగితాలు

కూతురు నిధి సైకిలు మీంచి పడి మోచేయి గీరుకుపోయిన రోజే, తమ వీధిలో స్పీడ్ బ్రేకర్ వేయించాల్సిందేనని భవిత నిశ్చయించుకుంది. వేగంగా వచ్చిన కారు పిల్లకు తగల్లేదు గానీ జానెడు దూరంలో ఆగింది. అమెరికాలో, కమ్మింగ్ ఊళ్ళోని ఆ కాలనీ మలుపులో ఎవరూ బ్రేకు తొక్కరు. సంఘం మీటింగ్‌కి సగం ఇళ్ళవాళ్ళయినా వస్తే తప్ప ఆ విషయం చర్చకు రాదు.

రెండిళ్ళ అవతలి మనీషా ఎనిమిదేళ్ళుగా భవితకు అన్నిటికీ తోడు. నిధి పుట్టినప్పుడు పథ్యం వండి తెచ్చింది ఆమే.

"ఈమెయిల్స్ ఎవరు చదువుతారే? మీటింగ్ సంగతి పేపర్ మీద ప్రింట్ చేసి ఇళ్ళ ముందు మెయిల్‌బాక్సుల్లో వేసేద్దాం," అంది మనీషా.

"అలా వేయొచ్చా?"

"అందరూ వేస్తూనే ఉంటారు. ఏం కాదు, పద."

ఆ ఆదివారం ఎడమవైపు ఇళ్ళకు భవిత, కుడివైపు ఇళ్ళకు మనీషా తిరిగారు. మనీషా తన వంతు కాగితాల కింద ఎర్ర పెన్నుతో 'ప్లీజ్ కమ్' అని కూడా రాసింది.

మర్నాడు ఉత్తరాలు పంచే ఆవిడ ఆ కాగితాలన్నీ ఏరి తీసుకుపోయింది. బుధవారం సంఘం అధ్యక్షుడు శేషగిరి భవితకు ఈమెయిల్ పెట్టాడు. పోస్టాఫీసు నుంచి ఫిర్యాదు వచ్చిందనీ, వెళ్ళి మాట్లాడమనీ. కమిటీలో ఉన్న మనీషాను ముందు అడిగినట్టున్నాడు, ఆమె జవాబు కూడా చూసుకోకుండా ఆ ఈమెయిల్ కిందే వదిలేశాడు.

'అదంతా భవిత చేసిందండీ. ఇల్లీగల్ అని నేను ముందే చెప్పాను, వినలేదు. నాకేం సంబంధం లేదు.'

భవిత ఆ మూడు ముక్కలూ నాలుగైదుసార్లు చదివింది. ఎవరో మనీషా పేరు పెట్టుకుని రాశారేమో అని కూడా ఒక్క క్షణం అనిపించింది.

పోస్టాఫీసులో ఒక పెద్దావిడ కాగితాల కట్ట కౌంటరు మీద పెట్టి నెమ్మదిగానే చెప్పింది. "డబ్బా మీరు కొనుక్కున్నదే అయినా, లోపలి చోటు పోస్టుకే. స్టాంపు లేనిది అందులో ఎవరూ పెట్టకూడదు. తలుపు దగ్గర పెట్టండి, లేదా చేతికివ్వండి. ఈసారికి హెచ్చరికతో వదిలేస్తున్నాం." ఆగి అడిగింది. "ఇవన్నీ మీరొక్కరే వేశారా?"

కట్టలో సగం కాగితాల మీద ఎర్రటి అక్షరాలు కనిపిస్తూనే ఉన్నాయి. ఇంకా తేలని తన గ్రీన్ కార్డు ఫైలు భవిత కళ్ళముందు మెదిలింది. అయినా ఇంకొకరి పేరు నోటికి రాలేదు.

"అవునండీ, నేనే."

తిన్నగా మనీషా ఇంటికి వెళ్ళి ఫోన్‌లో ఆ ఈమెయిల్ తెరిచి చూపించింది. మనీషా ముఖం పాలిపోయింది.

"నువ్వు అర్థం చేసుకోవాలే. వచ్చే నెల నా సిటిజెన్‌షిప్ ఇంటర్వ్యూ. అందులో ఏమడుగుతారో ఏమో అని భయమేసింది."

"నాకింకా గ్రీన్ కార్డే రాలేదు మనీషా. నీకు తెలీదా?"

"నీకేం కాదులే అనుకున్నా."

"భయమేస్తే నాకు చెప్పాల్సింది. నేనే మొత్తం నా మీద వేసుకునేదాన్ని. ముందే చెప్పాను, వినలేదు అని ఎందుకు రాశావు?"

మనీషా, లోపల కుక్కర్ కూత వేస్తే, ఆ వంక పెట్టుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది. భవిత కాసేపు గుమ్మంలోనే నిలబడింది, తిరిగి వస్తుందేమోనని. రాలేదు.

మిగిలిన వారమంతా భవిత ఒక్కతే ఇంటింటికీ బెల్లు కొట్టి కాగితాలు చేతికిచ్చింది. మీటింగ్‌కి కుర్చీలు చాలనంతమంది వచ్చారు. స్పీడ్ బ్రేకర్ కోసం కౌంటీ ఆఫీసుకి దరఖాస్తు పెట్టడానికి చేతులన్నీ లేచాయి. అప్పుడు మనీషా లేచి నిలబడి, "భవితా నేనూ ఎంత తిరిగామో ఈ వీధులన్నీ!" అంది నవ్వుతూ. అందరూ చప్పట్లు కొట్టారు.

భవిత కాదని చెప్పడానికి నోరు తెరిచి, మోచేతికి కట్టుతో ముందు వరుసలో కూర్చున్న నిధిని చూసి ఆగిపోయింది. తనూ చప్పట్లు కొట్టింది.

నెల తర్వాత మనీషా సిటిజెన్‌షిప్ పార్టీకి పిలుస్తూ మెసేజ్ పెట్టింది. భవిత 'కంగ్రాట్స్' అని టైప్ చేసి పంపింది. పార్టీకి మాత్రం వెళ్ళలేదు.