రెండో తుమ్ము

ఏసుపాదం రెండో తుమ్ము కోసం ఎదురు చూస్తున్నాడు.

మొదటిది వచ్చి వెళ్లింది. దానికి విలువ లేదు. ఊరకోడిలా ఎవరి ముక్కులోనైనా దూరుతుంది. రెండోది రావాలి, అదీ ముక్కుపొడుం. వసారాలో గొంతుక్కూర్చుని, మోకాళ్ల మధ్య కుండ ఇరికించుకుని, గడ్డం పైకెత్తి, కళ్లు సగం మూసి, తూర్పు ఎండలో కదలకుండా ఉన్నాడు. చూసినవాళ్లు ప్రార్థన అనుకుంటారు. అతను నిజంగా ప్రార్థన చేసేటప్పుడు మాత్రం పొడుం పరీక్ష అనుకుంటారు. సూర్యాపేటలో ఈ రెండింటికీ తేడా తెలిసిన మనిషి అతని భార్య సువార్తమ్మ ఒక్కతే.

వచ్చింది. కాస్త ఆలస్యంగానే వచ్చింది గానీ, మామిడి కొమ్మ మీది కాకి లేచిపోయేంత బలంగా వచ్చింది.

"దేవునికి స్తోత్రం" అని ఏసుపాదం కండువాతో ముక్కు తుడుచుకున్నాడు. ఆ కండువా కొన్నప్పుడు తెలుపే. ఇప్పుడు పొగాకు రంగు. ఎన్నిసార్లు ఉతికినా నీళ్లు రంగు మారాయి గానీ కండువా మారలేదు. దాన్ని ఎవరైనా దులిపితే చుట్టుపక్కల పిల్లి కూడా తుమ్మేది.

"ఇయ్యాల అయ్యగారొస్తడు. ఏం జెప్తవ్?" లోపలి నుంచి సువార్తమ్మ అడిగింది. పొద్దుటి నుంచి ఆ మాటే అడుగుతోంది.

"వచ్చినంక సూద్దాం తియ్యి."

"వచ్చినంక సూసెటందుకు ఆయనేమన్న సుట్టమా?"

అయ్యగారంటే పాస్టరు. బందరు వైపు నుంచి కొత్తగా వచ్చిన కుర్రవాడు. మంచివాడే, కాకపోతే చదువు ఇంకా వేడిగా ఉంది. పొగాకు వ్యాపారం చేసే మనిషి సంఘపెద్దగా గుడిలో ముందు చాప మీద కూర్చోవడం తగదని, కుండ వదులుకుంటారో పెద్దరికం వదులుకుంటారో శనివారం సాయంత్రానికి చెప్పమని, చేతులు కట్టుకుని మరీ అడిగి వెళ్లాడు. ఈరోజు శనివారం.

సువార్తమ్మ బాధ కుండ గురించి కాదు, చాప గురించి. సంఘపెద్దలు పోతే వాళ్ల మంచాన్ని గుడిలో ప్రార్థన బల్ల ముందు, ఆ ముందు చాప మీద దించుతారు. తక్కిన వాళ్లను గుమ్మం దగ్గర దించి ప్రార్థన కానిస్తారు. ఆమె మామ పిచ్చయ్యను ముందు చాప మీదే దించారు. పిచ్చయ్య కొడుకును గుమ్మంలో దించితే లోకం ఏమనుకుంటుంది? పోవడం గురించి ఆమెకు బెంగ లేదు, దించడం గురించే.

ఏసుపాదం ఆకు అందుకున్నాడు. కోదాడ అవతల నుంచి బండ్ల మీద వచ్చే ఆకు అది. ఈనెలు తీసి, నిప్పుల మీద దోరగా వేయించి, కుండలో వేసి కర్రతో నూరాలి. సున్నపు తేట చుక్క, నెయ్యి చుక్క. మిగతాదంతా భుజం పని. నూరేటప్పుడు కీర్తన పాడతాడు. కర్ర తిరిగే తీరుకు కీర్తన, కీర్తన సాగే తీరుకు కర్ర. నాలుగు కీర్తనలు నూరితే ముతక, ఆరు నూరితే మెత్తన. అంగడిలో బేరగాళ్లు ఆ లెక్కనే అడిగేవారు. నుదుట విభూతి పెట్టుకున్న పంతులుగారు సైతం "ఆరు కీర్తనలది ఒక పొట్లం కట్టవయ్యా" అనేవారు. మిర్యాలగూడలో ఒక అత్తరు సాయిబు, ఏసుపాదానికి జలుబు చేసి గొంతు పోయిన వారం పొడుం తిప్పి పంపాడు. పాట లేకుండా నూరిన సరుకు తనకొద్దన్నాడు.

ఒంటి తుమ్ము అపశకునం, జోడు తుమ్ము శుభం. ఈ సంగతి తెలియని మనిషి ఆ ప్రాంతంలో లేడు. దాని మీదనే తండ్రి పిచ్చయ్య వ్యాపారం నిలబెట్టాడు. 'పిచ్చయ్య పొడుం ఒంటి తుమ్ముతో వదలదు' అన్న పేరు మోతుబరుల ఇళ్ల దాకా పాకింది. తర్వాత తండ్రీకొడుకులు ఒకేరోజు మూసీలో మునిగి బాప్తిస్మం పుచ్చుకున్నారు. శకునాలను ఏట్లోనే వదిలి వచ్చారు. కుండను ఒడ్డున పెట్టి దిగారు గనక అది మిగిలింది. "మన నమ్మకం మనది, కొనేటోని నమ్మకం కొనేటోనిది. రెండూ కలిపి నూరకు బిడ్డా" అని పిచ్చయ్య చెప్పాడు. ఏసుపాదం కలిపి నూరలేదు.

పోలీసు యాక్షన్‌కు ముందటి గడబిడలో ఒకసారి తుపాకులవాళ్లు ఇంట్లో దూరారు. ఏ పక్షం వాళ్లని ఆ రోజుల్లో ఎవరూ అడిగేవారు కాదు. బంగారం దాచారేమోనని ఒకడు మోచేతి దాకా కుండలో చెయ్యి పెట్టి కెలికాడు. ఆ తర్వాత అరగంట సేపు ఇంట్లో ఎవరికీ ఎవరి మాటా వినబడలేదు. వాళ్లు కళ్లు తుడుచుకుంటూ ఖాళీ చేతులతో వెళ్లిపోయారు. దేవుడు కాపాడాడని ఏసుపాదం సాక్ష్యం చెప్పేవాడు. కాపాడింది నాలుగు కీర్తనల ముతక అని సువార్తమ్మ చెప్పేది.

రెండో కీర్తన మధ్యలో గొంగడి కప్పుకుని గట్టయ్య వచ్చాడు. మాడుగులపల్లి గొర్లకాపరి, తండ్రి నాటి బేరం.

"ఏసుపాదం బావా, జర మంచిది తియ్యి. పోరనికి పిల్లను సూడ కోదాడ పోతున్న."

"పిల్లను సూడ పోతూ పొడుమెందుకే?"

"గదే సెప్తున్న. ఆడికి పోయినంక ముక్కు దురదవెట్టి ఒంటి తుమ్ము తుమ్మిననుకో, సంబంధం ఖతం. అందుకే గీడనే జోడు తుమ్ములు తుమ్మి పోత. ఇగ తొవ్వల రావు."

ఏసుపాదం నవ్వలేదు. బేరగాడి నమ్మకం. కొత్త సరుకులోంచి చిటికెడు తీసి ఇచ్చాడు. గట్టయ్య పీల్చి, ఒకటి తుమ్మి, చేతులు గాలిలో పెట్టి నిలబడ్డాడు. ఏసుపాదం నూరే కర్ర ఆపి చూశాడు. ఈమధ్య తన రెండో తుమ్ము ఆలస్యమవుతోందంటే లోపం కుండదో ముక్కుదో తేలక నాలుగు రోజులుగా సతమతమవుతున్నాడు.

గట్టయ్య రెండోది వెంటనే తుమ్మాడు.

"సరుకు బంగారం లెక్కుంది" అంది సువార్తమ్మ గుమ్మంలోంచి. "నీ ముక్కే ముసలిదైంది."

ఆ మాటకు ఏసుపాదం ముఖం వెలిగిపోయింది. ముక్కు ముసలిదైతే ఏముంది, కాళ్లు కాలేదా, కళ్లు కాలేదా. కుండ బాగుంటే చాలు. గట్టయ్యకు ఒక పొట్లం ఊరికే కట్టిచ్చాడు.

సాయంత్రం పాస్టరుగారు వచ్చారు. వసారాలో గాలి ఎటు వీస్తోందో చూసుకుని, దానికి ఎదురు వైపు పీట వేసుకున్నారు.

"ఆలోచించుకున్నారా ఏసుపాదం గారూ?"

"ఆలోచన జేసిన అయ్యగారూ. పెద్దరికం సంఘమిచ్చింది, సంఘానికి ఇచ్చేస్త. కుండ మా నాయినిచ్చిండు. ఆయన లేడు, ఎవరికియ్యాలె?"

పాస్టరుగారు వాదనకు సిద్ధపడి వచ్చారు. సగం వాదన ఖర్చు కాకుండా మిగిలిపోయింది. "మీకు కష్టంగా లేదా అండీ?"

"కష్టమేంది? ముందు సాప మీద ఒరగనీకె ఏమున్నది? ఎనుక సాపకు గోడుంటది. పదేండ్ల సంది ఆ గోడ మీదనే నా కన్ను."

పాస్టరుగారు లేచి నిలబడ్డారు. చిన్న ప్రార్థన చేశారు. సువార్తమ్మ 'ఆమెన్' అనలేదు.

ఆయన వీధి మలుపు తిరిగాక ఆమె మొదలుపెట్టింది. "గోడ గావాల్నట గోడ! ఇంట్ల నాలుగు గోడలున్నయి, సాల్లేదా?"

"ఇంటి గోడకు ఒరిగితే నువ్వు పనిజెప్తవే" అన్నాడు ఏసుపాదం.

ఆమె విసురుగా లోపలికి పోయి బియ్యం కడగసాగింది. అతను మంచాన్ని గోడకు జరుపుకుని, వెనక్కి ఒరిగి, కాళ్లు చాపాడు. రేపటికి అలవాటు చేసుకుంటున్నట్టు వీపు అటూ ఇటూ సర్దుకున్నాడు. బాగుంది. చిటికెడు పొడుం తీసుకున్నాడు.

లోపల సువార్తమ్మకు తుమ్ము వినబడింది. పెళ్లయిన నాటి నుంచి వింటున్న తుమ్మే. కోపంలో ఉన్నా చెవి దాని పని అది చేస్తుంది. రెండో దాని కోసం ఆమె చెయ్యి బియ్యం నీళ్లలో ఆగింది. ఈమధ్య ఆలస్యమే గదా అనుకుంది. ఇంకాసేపు ఆగింది. గిన్నె పక్కన పెట్టి, తడి చేతులతోనే వసారాలోకి వచ్చింది.

అతను గోడకు ఒరిగే ఉన్నాడు. ముఖంలో ఏ తొందరా లేదు.

తెల్లవారి ఆదివారం. కొడుకు బుచ్చయ్య మిర్యాలగూడ అంగడి నుంచి వచ్చాక, మధ్యాహ్నం ఆరాధన అయ్యాక, తండ్రిని మంచం మీదనే గుడికి తెచ్చారు. మీద అతని కండువానే కప్పారు. సువార్తమ్మ ఇంకొకటి కప్పనివ్వలేదు. మోసేవాళ్లు గుమ్మంలో ఆగి పాస్టరుగారి ముఖం చూశారు. ఎక్కడ దించాలి? నిన్నటి సంగతి అప్పటికి ఊరంతా తెలిసింది. సువార్తమ్మ కొంగు నోట్లో కుక్కుకుని నిలబడింది.

పాస్టరుగారు దగ్గరికి వచ్చారు. కండువా కొస జారిపోతుంటే వంగి సర్ది, నిలబడి, "ఇక్క..." అని నోరు తెరిచి, పెద్దగా తుమ్మారు.

ఒక్కటే.

అందరూ అలాగే నిలబడిపోయారు. వాళ్లలో ఎవరూ శకునాలు నమ్మరు. బాప్తిస్మం అప్పుడే మానేశారు. అయినా రెండోది వస్తుందేమోనని ఆగారు. రాలేదు. గోడవతల నుంచి ఒక గొంతు లేచింది. కోదాడలో సంబంధం కుదుర్చుకుని, ఆ మాట చెబుదామని వచ్చి, వార్త విని గొంగడితో నిలబడిపోయిన గట్టయ్య అది.

"ఒంటి తుమ్మయ్యా! గీడ దించకుండ్రి!"

మోసేవాళ్ల కాళ్లు వాటంతటవే కదిలాయి. వెనుక చాప దాటాయి, నడిమి చాప దాటాయి. పాస్టరుగారు కండువా కొస చేతిలోనే ఉండగా, కళ్ల నీళ్లతో, ముక్కు ఎగబీలుస్తూ పక్కన నడిచారు. బల్ల ముందుకు వచ్చేసరికి ఆయన మెడ వెనక్కి వాలింది. రెండోది వచ్చింది. గుడి రేకులు మోగాయి.

"ఆఁ! ఇగ దించుండ్రి" అన్నాడు గట్టయ్య.

ముందు చాప మీద దించారు. సువార్తమ్మ నోట్లోంచి కొంగు తీసింది. ఆనాటి ప్రార్థనకు 'ఆమెన్' అందరికన్నా ముందు ఆమే అంది.

'ఇక్కడ కాదు, లోపలికి తీసుకురండి' అనబోయానని పాస్టరుగారు తర్వాత చాలామందితో చెప్పారు. బహుశా నిజమే. నమ్మినవాళ్లు మాత్రం తక్కువ.

సమాధుల తోటకు మంచం లేపబోతే మోసేవాళ్లు వరుసగా తుమ్మడం మొదలుపెట్టారు. భుజం నిలిచేట్టు లేదు. చివరికి సువార్తమ్మే కండువా తీసి మడిచి, బల్ల పక్క మేకుకు తగిలించింది. అప్పుడు గానీ ఏసుపాదం బయల్దేరలేదు.

తిరిగి వచ్చాక దాన్ని తీసుకుపోవడం ఆమె మరిచింది, లేదా మరిచినట్టు ఊరుకుంది. తీసెయ్యమని పాస్టరుగారు ఎవరికీ చెప్పలేదు. కిటికీ నుంచి గాలి వచ్చినప్పుడల్లా అది మేకు మీద కొంచెం కదులుతుంది. ముందు చాప మీద ఎవరో ఒకరు తుమ్ముతారు. పాట ఆగుతుంది, రెండోది వచ్చేదాకా.